సీరియల్ కార్డూ, పెద్ద టీచరు గారి చుక్కలూ

ఇప్పటి కుర్రాళ్లకి చెబితే నవ్వుతారు గానీ, మా రోజుల్లో కంప్యూటరుకి ఒక మిషను తగిలించడమంటే పెళ్లి కుదర్చడమంత పని. ఇద్దరి వేగం కలవాలి, ఒకరు ఆగమంటే ఇంకొకరు ఆగాలి, మధ్యలో వైరు సరైనదై ఉండాలి. అన్నీ కుదిరాయనుకున్నాక ఎందుకో చెప్పకుండా అలిగి కూర్చునేవి. మీరిప్పుడు ఏ వైరో తీసి ఏ కన్నంలోనో గుచ్చి "వచ్చేసిందంకుల్" అంటారు. మంచిదే బాబూ, సుఖపడండి. నాకేం అసూయ లేదు. సరే, కొంచెం ఉంది.

నేను చెప్పబోయేది సీరియల్ పోర్టు కార్డు గురించి. అరచేతిలో పట్టే పచ్చటి పలక, దాని చివర తొమ్మిది సూదులున్న మూతి. పాతకాలపు మిషన్లన్నీ ఆ మూతితోనే కంప్యూటరుతో మాట్లాడేవి. రెండు వేల ఏడో ఎనిమిదో వచ్చేసరికి కొత్త కంప్యూటర్లకి ఆ మూతి పెట్టడం మానేస్తూ వచ్చారు. కావాలంటే కార్డు కొని లోపల గుచ్చుకోవాలి. నా సర్వీసులో అలాంటి కార్డులు ఎన్ని గుచ్చానో నాకే తెలియదు. ఒక్కటి మాత్రం నన్ను ఒక చలికాలమంతా తిప్పింది.

అప్పట్లో నా కాపురం తాడేపల్లిగూడెం, ఉద్యోగం ఏలూరులో ఒక కంప్యూటర్ షాపులో. పొద్దున్నే పాసింజరెక్కేవాణ్ణి. గూడెంలో ఉల్లిపాయల వాసన, తడిసిన గోనెల వాసన ముక్కులో పెట్టుకుని బయలుదేరితే, పుల్ల దాటేసరికి అవి పోయి నీటి వాసన మొదలయ్యేది. భీమడోలు దగ్గర కిటికీ అవతల ఏది చెరువో ఏది మంచో తెలిసేది కాదు. కొల్లేటి వైపు నుంచి కొంగలు గుంపుగా వచ్చి ఆ తెల్లదనంలోకి దిగి కనబడకుండా పోయేవి. నేను సగం నిద్రలో ఉండేవాణ్ణి. చేపల బుట్టలవాళ్ల మాటలు నా కలలోకి వచ్చేవి, కలలో మాటలు రైలు పెట్టెలోకి వచ్చేవి. ఏలూరులో దిగి టీ తాగితే గానీ పూర్తిగా ఈ లోకంలో పడేవాణ్ణి కాదు. ఈ కథలో కొన్ని సంగతులు నిజంగా చూశానో, ఆ రైల్లో కలగన్నానో అని ఇప్పటికీ అనుమానం వస్తూ ఉంటుంది.

మా ఓనరు గారు మంచివారే, నోరు మాత్రం మంచిది కాదు. ఒకరోజు నేను షాపులో అడుగు పెట్టగానే, "ఏవయ్యా, నీకో దేవుడి పని తెచ్చాను" అన్నారు. దేవుడి పని అంటే గిట్టుబాటు లేని పని అని మా షాపులో అందరికీ తెలుసు.

ఊరి చివర కాలవ గట్టున పాత దొరల కాలం నాటి క్రైస్తవ మిషనరీల కాంపౌండు ఒకటుండేది. అందులో చూపులేని పిల్లలకి బడి, హాస్టలు. విదేశాల్లో ఏదో చర్చివాళ్లు తాము వాడి పక్కన పెట్టిన బ్రెయిలీ మిషనొకటి ఓడలో పంపించారట. కంప్యూటర్లో ఉన్న మాటల్ని దళసరి కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలుగా కొట్టే మిషను అది. ఆ చుక్కల్ని పిల్లలు వేళ్లతో తడుముతూ చదువుకుంటారు. మిషను పాతది, దానికున్నది సీరియల్ మూతి. ఇంకెవరో దాత ఇచ్చిన కంప్యూటరేమో కొత్తది, దానికా మూతి లేదు. తెలుగుని చుక్కల్లోకి మార్చే ప్రోగ్రాం లినక్స్‌లో నడుస్తుందని అందులో ఆ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే వేయించి పెట్టుకున్నారు.

"లినక్స్ నీకు వచ్చుగా?" అన్నారు ఓనరు గారు.

"కొంచెం వచ్చండి."

"కొంచెం చాలు. మిగతాది దేవుడు చూసుకుంటాడు."

మిగతాది ఎంతుంటుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

బడి నాకు మొదటిరోజే వింతగా తోచింది. పొడుగాటి పెంకుల వరండా, ఎత్తయిన గదులు. ఏ గదిలోనూ లైటు వేసి లేదు. వెయ్యాల్సిన అవసరం అక్కడెవరికీ లేదు మరి. గుమ్మంలో నిలబడితే ఆ మసక చీకట్లోంచి సన్నగా ఒక చప్పుడు వినిపించింది, తాటాకు కప్పు మీద తుంపర పడుతున్నట్టు. బయట చూస్తే ఎండ. అది పిల్లల వేళ్లు కాగితాల మీద నడుస్తున్న చప్పుడని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

నన్ను మిషను గదికి తీసుకెళ్లింది లెక్కల టీచరమ్మ. చిన్నపిల్లే, ఆ బడిలోనే చదువుకుని ఆ బడిలోనే టీచరయింది. తనకీ చూపు లేదు. అయినా నా సామాన్ల సంచి ద్వారబంధానికి కొట్టుకోబోతుంటే, "కొంచెం ఎడంపక్కకి రండి ఇంజనీరు గారూ, సంచి బరువుగా ఉన్నట్టుందండి" అంది.

"నేను ఇంజనీర్ని కాదమ్మా. డిప్లొమా కూడా సగంలో ఆగింది."

"మా నాన్నగారు గణపవరంలో చెరువుల మీద ఇంజన్లు బాగు చేస్తారండి. ఆయన్నీ అందరూ ఇంజనీరు గారనే అంటారు. ఆయన అసలు బడికే వెళ్లలేదండి" అని నవ్వింది.

గదిలో కిటికీ పక్కన కుర్చీలో పెద్ద టీచరు గారు కూర్చుని ఉన్నారు. అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవారు. తెలుగు చెప్పేవారు. కొల్లేట్లో ఒక లంక ఊరు ఆవిడది. పుట్టుకతోనే చూపు లేదు. పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మ దోనెలో కొంత దూరం, నడిపించి కొంత దూరం, బస్సులో కొంత దూరం తీసుకొచ్చి ఈ హాస్టల్లో దింపింది. అప్పటి నుంచీ ఇదే ఇల్లు. ఆ బడిలో పిల్లలు చదివే తెలుగు పుస్తకాల్లో సగం ఆవిడ బ్రెయిలీ పలక మీద ఒక్కో చుక్కా సూదితో పొడిచి రాసినవే. వచ్చే వేసవికి రిటైరై తమ్ముడిగారింటికి వెళ్లిపోతారు.

నేను మిషను చుట్టూ తిరుగుతుంటే ఆవిడే మాట కలిపారు.

"నాదో చిన్న కోరికండి. మా అమ్మ నాకు కొల్లేటి కథలు చెప్పేదండి. సెలవలకి ఇంటికెళ్తే దోనెలో పడుకోబెట్టి చెప్పేది. అమ్మ పోయాక నేను గుర్తు తెచ్చుకుని చెబితే, మా ఆఫీసు గుమాస్తా గారు కంప్యూటర్లో ఎక్కించి పెట్టారండి. ఇన్నేళ్లూ ఈ వేళ్లతో ఎవరెవరి పుస్తకాలో చదివాను. మా అమ్మది ఒక్కటీ చదవలేదు. ఇక్కణ్ణించి వెళ్లేలోగా ఒక్కసారి నా అంతట నేను చదువుకోవాలండి."

"చదివి పెట్టడానికి ఇంతమంది ఉన్నారు కదండి" అన్నాను నేను. తెలివితక్కువ ప్రశ్నే.

"ఎవరైనా చదివి పెడితే వాళ్ల గొంతు వినబడుద్దండి. నేను చదువుకుంటే అమ్మ గొంతు వినబడుద్ది."

"పోనీ పలక మీద మీరే రాసుకోవచ్చుగా?"

"ఈమధ్య సూది పట్టు తప్పుతోందండి" అని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

ఇలాంటి మాట విన్నాక మనమేం చేస్తాం? వారం రోజుల్లో చదివించేస్తానండి అనేశాను. నోరు జారడమంటే అదే.

కార్డు హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది. కంప్యూటరు మూత విప్పి, కార్డు గుచ్చి, స్క్రూ బిగించి ఆన్ చేశాను. లినక్స్‌ని అడిగితే కార్డు కనబడుతోందంది. దాని ద్వారా నాలుగు అక్షరాలు పంపబోతే అలాంటి పోర్టే లేదంది. ఉందీ అంటుంది, లేదూ అంటుంది. దానితో ఎంత పోట్లాడినా ఇదే వరస. అసలు సంగతేమిటంటే, అందులో వేసిన లినక్స్ సీరియల్ పోర్టులకి నాలుగే గుమ్మం నంబర్లు సిద్ధంగా పెట్టుకునేది. ఆ నాలుగూ పాతకాలపు పోర్టుల కోసమని అట్టేపెట్టింది, అవి ఉన్నా లేకపోయినా. నా కార్డు అయిదో ఇల్లు. ఇల్లుంది, లోపల మనిషీ ఉన్నాడు, గుమ్మం మీద నంబరు లేదు గనక ఉత్తరం చేరదు. కంప్యూటరు నిద్ర లేచేటప్పుడు చదువుకునే వరసలో, నాలుగు చాలవమ్మా ఇంకొన్ని పెట్టుకో అని ఒక్క మాట చేర్చాలి. ఆ ఒక్క మాట కోసం షాపులో నెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడో తిరిగాను. ఏ దేశంవాడో ఎప్పుడో రాసి పెట్టిన సలహా దొరికింది. ఆ మహానుభావుడికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

ఈసారి మాట వెళ్లింది. మిషను ఒక్కసారి ఉలిక్కిపడి, గది అదిరిపోయేలా కొట్టడం మొదలుపెట్టింది. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టే. పిల్లలు గోడలు తడుముకుంటూ వచ్చి గుమ్మంలో గుమిగూడారు. ఒకడైతే చెవులు మూసుకుని గంతులేస్తున్నాడు. సగం పేజీ కొట్టాక వరస తప్పి పిచ్చి చుక్కలు పడ్డాయని లెక్కల టీచరమ్మ తడిమి చెప్పింది. అది నాకు తెలిసిన రోగమే. కంప్యూటరు కుండపోతగా కుమ్మరిస్తుంది, మిషను నిదానంగా కొడుతుంది. నిండిపోయింది, ఆగు అని మిషను చెప్పడానికి ఒక తీగ ఉంటుంది. నేను తెచ్చిన కేబుల్లో ఆ తీగ కలిపి లేదు. సోల్డరు వేడిచేసి కేబులు మళ్లీ కట్టుకున్నాను. తర్వాతి పేజీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున వచ్చింది. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. తెల్లటి కాగితం మీద సిరా లేదు, రంగు లేదు, పక్కనుంచి వెలుతురు పడితే మాత్రం వరసలు వరసలుగా చిన్న చిన్న గుట్టలు.

తీసుకెళ్లి పెద్ద టీచరు గారి చేతిలో పెట్టాను. ఆవిడ కాగితాన్ని బల్ల మీద సరిచేసుకుని, రెండు చూపుడువేళ్లూ పైవరస మీద ఆనించి, మెల్లగా జరిపారు. వెనక్కి వచ్చారు. మళ్లీ జరిపారు.

"చుక్కలు సరిగా పళ్లేదండి" అన్నారు.

లెక్కల టీచరమ్మ కాగితం అందుకుని పైనుంచి కిందికి ఒకసారి తడిమింది. మళ్లీ పైవరసకి వెళ్లి ఇంకోసారి తడిమింది. తర్వాత, "అవునండి. సరిగా పళ్లేదండి" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. మొదలైంది తిరుగుడు. వేగం తగ్గించాను. కార్డు మార్పించాను. మిషను పక్కన దెబ్బ బలం పెంచే బిళ్ల ఉంటే అది తిప్పాను, కాగితం చిల్లులు పడేదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పాను. విజయవాడ నుంచి ఇంకా దళసరి కాగితం తెప్పించాను. షాపు పని అయ్యాక సాయంత్రాలు అటు వెళ్లడం, అదే మొదటి పేజీ కొట్టడం, ఆవిడ తడమడం, లెక్కల టీచరమ్మ ఔననడం. పెద్ద టీచరు గారు ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. "మునుపటికంటే నయవేనండి. మీరు చాలా శ్రమ పడుతున్నారు. ముందు టీ తాగండి" అనేవారు. నాలుగు తిట్టినా బాగుండేది. మర్యాద చేస్తుంటే ఇంకా సిగ్గేసేది. మధ్యలో పండగ కోసమని కథలు మొత్తం ఒకసారి కొట్టించారు, పండగనాటికైనా కుదురుతుందేమోనని. అవీ అంతే. ఒక్కో కాగితం మీద 'ఫెయిలు' అని పెన్సిలుతో రాసి చెత్తబుట్టలో పడేసి, గూడెం రైలెక్కేవాణ్ణి.

"ఆ దేవుడి పని ఇంకా తెవల్లేదా?" అనేవారు ఓనరు గారు.

"దేవుడు పరీక్ష పెడుతున్నాడండి."

"పరీక్ష నీకూ, ఫీజు నాకూనా?"

ఆ రోజుల్లో నాకు ఎక్కడ చూసినా చుక్కలే. బ్రెయిలీలో ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల చోటు గనక, రైలు కిటికీ మీద మంచు బొట్లు కనబడితే ఆరేసి చొప్పున విడదీసుకునేవాణ్ణి. చెరువు గట్టు మీద కొంగలు ఎడంగా కూర్చుని ఉంటే ఇది ఏ అక్షరమో అనుకునేవాణ్ణి, అవి లేచి వెళ్లిపోతే మాట మధ్యలో ఆగిపోయినట్టు బాధేసేది. మా ఆవిడ ఒకరోజు కాఫీ ఇస్తూ, "ఏంటండీ, నిద్రలో దుప్పటంతా తడుముతున్నారు? ఏవైనా పోగొట్టుకున్నారా?" అంది. ఏం చెప్పను? పెద్ద టీచరు గారి వాళ్లమ్మ గొంతు ఒకటి ఆ చుక్కల వెనకాల ఇరుక్కుపోయింది, దాన్ని బయటికి లాగలేకపోతున్నాను అని చెబితే మంత్రం వేయిస్తుంది.

ఒకరోజు కాంపౌండు పక్క వీధిలోనే ఒక పని పడి, తొందరగా తెమిలింది. మధ్యాహ్నం భోజనాల వేళ బడికి వెళ్లాను. నేనెప్పుడూ ఆ వేళకి వెళ్లింది లేదు. వరండా చివర పిల్లలు చుట్టూ కూర్చుని ఉన్నారు, మధ్యలో లెక్కల టీచరమ్మ. ఒళ్లో కాగితాల దొంతర. వేళ్లు పరిగెడుతున్నాయి, గొంతు వాటి వెనకాల పరిగెడుతోంది.

"కొల్లేటికి నిద్దర పట్టేది కాదంట. పొద్దంతా దోనెలు వీపు గీకుతాయి, రాత్రంతా చేపలు చక్కిలిగింతలు పెడతాయి. ఇక ఇలా కాదని కొల్లేరు లేచి, లంక లంకకీ వెళ్లి, అమ్మా కాస్త నిద్దరుంటే పెట్టండమ్మా అని అడిగిందంట..."

పిల్లలు కిలకిలా నవ్వారు. నేను స్తంభం పక్కన నిలబడిపోయాను. సంచి కింద పెట్టడం కూడా మర్చిపోయాను. కొల్లేరు ఇల్లిల్లూ తిరుగుతోంది. ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని, నాకే లేదు నీకెక్కణ్ణించి తెచ్చి పెట్టను అంటోంది. ఆ ఎండలో, ఆ వరండాలో, నాకు కాళ్ల కింద నీళ్లు కదులుతున్నట్టే అనిపించింది. ఎంతసేపు విన్నానో తెలియదు. ఒక పేజీ అయిపోయి టీచరమ్మ దాన్ని పక్కన పెట్టింది. దాని మీద పెన్సిలుతో, నా చేతిరాతతో, 'ఫెయిలు' అని ఉంది.

"ఏవమ్మా, అవి నేను పారేసినవి కదూ?"

ఆ అమ్మాయి వేళ్లు అక్కడికక్కడే ఆగిపోయాయి. "ఆయ్... అవునండి. బుట్టలోంచి తీసుకున్నామండి."

"చుక్కలు పళ్లేదన్నావు!"

పిల్లల్ని లోపలికి వెళ్లమంది. అప్పుడు చెప్పింది. "బ్రహ్మాండంగా పడ్డాయండి. ఆ కేబులు సరిచేసిన రోజు నుంచీ."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఇన్నాళ్లూ నన్ను గూడేనికీ ఏలూరికీ తాడు కట్టి లాగారేంటమ్మా? కార్డు మార్చాను, కాగితం మార్చాను, బుర్ర పాడుచేసుకున్నాను. అందరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారా?"

"పెద్ద టీచరు గారు పళ్లేదన్నాక, పడ్డాయని నేనెలా అంటానండి?" అంది. "నా వేలు పట్టుకుని ఒక్కో చుక్క మీదా పెట్టి అక్షరాలు నేర్పింది ఆవిడేనండి. ఆ వేళ్లకి ఇప్పుడు తెలియట్లేదని నా నోటితో ఎలా చెప్పనండి? సుగరండి ఆవిడకి. వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి. మొన్న కాఫీ గ్లాసు పట్టుకుని బొబ్బలెక్కితే వంటామె చూసి చెప్పింది గానీ ఆవిడకి తెలియలేదండి. మాకందరికీ తెలుసు. హెడ్మాస్టరు గారికీ తెలుసు. పిల్లలకీ తెలుసు. ఆవిడ ముందు మాత్రం ఎవరవూ అనమండి."

నా కోపం ఎటు పోయిందో పోయింది. తప్పు లేని కార్డుని పట్టుకుని నెలల తరబడి కుస్తీ పట్టానా అని నవ్వొచ్చింది. మా వైపు మనుషుల సంగతి మీకు తెలియంది కాదు. ఎదుటివాళ్ల మనసు కష్టపెట్టే మాట ఒకటుంటే దాన్ని పక్కకి జరిపి, దాని మీద పీట వేసి, టీ ఇస్తారు. బడి మొత్తం కలిసి ఒక పెద్దావిడ వేళ్లని కాపాడుతోంది, అందుకోసం నా కార్డు తిట్లు తింది.

మర్నాడు రైల్లో నేనొక నిర్ణయానికొచ్చాను. ఆవిడకి నిజం చెప్పే ధైర్యం నాకూ లేదు. నాకు చేతనైంది ఒకటే. ఓడిపోయానని చెప్పడం. నా పనితనం మీద నాకెంత పొగరో మా షాపులో ఎవర్నడిగినా చెబుతారు. ఒక మిషను నా వల్ల కాలేదని అంతకుముందు ఎవరితోనూ అనలేదు. మంచులో భీమడోలు స్టేషను బోర్డు కనబడీ కనబడకుండా జారిపోయింది. నేను ఆ మాటలు నోట్లో వల్లె వేసుకుంటూ కూర్చున్నాను.

బడికి వెళ్లేసరికి పెద్ద టీచరు గారు కిటికీ దగ్గర ఒక్కరే ఉన్నారు. నేను నిలబడే చెప్పేశాను.

"ఇది నా వల్ల కావట్లేదండి. కార్డు ఈ మిషనుకి సరిపడేది కాదు. మిషను కూడా బాగా అరిగిపోయింది. ఇంక దీంతో లాభం లేదండి. క్షమించాలి."

ఆవిడ మెల్లగా నవ్వారు. "మీకు అబద్ధం ఆడ్డం రాదండి. కూర్చోండి."

కూర్చున్నాను.

"పిల్లలు ఈ వరండాలోనే కదండీ చదువుకునేది. ఈ కిటికీలోంచి వినబడదేంటండి నాకు? మీ మిషను బాగానే కొడుతోంది, మీ కార్డూ బాగానే ఉంది. నాకు తెలుసండి. తెలిసే మళ్లీ మళ్లీ కొట్టించాను. ఈసారి తప్పు కార్డుదే అయ్యుంటుందేమో, ఈ పేజీకి వేళ్లు పలుకుతాయేమో అని. తప్పు మీదే అయితే ఎంత బావుణ్ణండి! మిమ్మల్ని చాలా తిప్పలు పెట్టాను. ఏవనుకోకండి."

నాకు ఏడుపొచ్చేసింది. చూపులేని మనిషి ముందు ఏడిస్తే ఏం పోయింది, తెలియదులే అనుకుని చప్పుడు కాకుండా ఏడ్చాను. ఆవిడ, "చలికాలం కదండీ, జలుబు చేసినట్టుంది. టీ తెప్పిస్తానుండండి" అన్నారు.

టీ వచ్చింది. తాగాం. బయట కాలవ మీద ఎండ కదులుతూ గది పైకప్పు మీద నీటి నీడలు ఆడుతున్నాయి. ఆవిడకి అవి కనబడవు, నేను చెప్పనూ లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి ఆవిడ అన్నారు, "ఆ మొదటి పేజీ ఒకటి ఇలా ఇవ్వండి. తలుపు దగ్గరికి వెయ్యండి. నవ్వకూడదు మరి."

పిల్లలు చదివి బల్ల మీద పెట్టిన దొంతరలోంచి తీసి ఇచ్చి, తలుపు వేశాను. ఆవిడ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు.

"చిన్నప్పుడు పొద్దున్నే చలికి వేళ్లు కొంకర్లు పోతే మేం దుప్పట్లో దూరి ఇలా చదివేవాళ్లమండి. అప్పటి హాస్టలు దొరసాని చూసిందంటే వీపు చీరేసేది. కాగితం ఎంగిలి చేస్తున్నారని. పెద్ద టీచరయ్యాక పిల్లల్ని నేనూ కొట్టాను ఇందుకే."

కింది పెదవి పైవరసకి ఆనించి, కాగితాన్ని ఎడం పక్కకి మెల్లగా జరిపారు. ఒకచోట ఆగారు. వెనక్కి వచ్చారు. మళ్లీ జరిపారు. రెండో వరస. మూడో వరస. ఆవిడ నుదురు మొదట ముడతలు పడి, తర్వాత నెమ్మదిగా విడింది. కళ్లు మూసుకుపోయాయి. ఎవరో చెవిలో ఏదో చెబుతుంటే వింటున్న ముఖం అది. ఆ గదిలో నేనున్నానన్న సంగతి ఆవిడకి గుర్తులేదు, నాకూ లేదు. మొదటి పేజీ అయిపోయింది. చెయ్యి చాపితే రెండోది ఇచ్చాను. మూడోది ఇచ్చాను. వరసకి ఎంతసేపు పట్టిందో, రైళ్లు ఎన్ని వెళ్లాయో నాకు తెలియదు.

చివరి పేజీ మధ్యలో ఉన్నట్టుండి కాగితం దించేశారు. ముఖంలో తెలుగు టీచరొచ్చి కూర్చుంది.

"గుమాస్తా గారు ఒక వాక్యం తినేశారండి."

"ఎక్కడండి?"

"గూడబాతులు వచ్చాయంట అని ఉంది. కొల్లేరు నిద్రపోయిందంట అని ఉంది. ఊరికే వస్తే అదెలా నిద్రపోద్దండి? అవి ఏవన్నాయో లేదు. కంప్యూటరు పెట్టండి, నేను చెబుతాను."

రెండు వేళ్లతో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టాను. ఆవిడ నిదానంగా, ఒక్కో మాటా ఆపి చెప్పారు.

'నువ్వు పడుకోవే, తెల్లారాక మేవొచ్చి లేపుతాం, అన్నాయంట.'

"నన్నిక్కడ దింపిన రోజు నిద్రపోనని ఏడుస్తుంటే మా అమ్మ అన్న మాటండి ఇది" అన్నారు. "కథలోకి ఎప్పుడొచ్చిందో మరి."

పొద్దున్నే లేపిందాండి అని అడగబోయి మానేశాను.

మిషను ఆ పేజీ మళ్లీ కొట్టింది. లెక్కల టీచరమ్మ ఆ చప్పుడు విని వరండాలోంచి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా తలుపు అవతలే నిలబడింది. నేను మిషన్లోంచి కాగితం చింపి తీసి పెద్ద టీచరు గారి చేతికిచ్చి, సోల్డరు గన్నూ స్క్రూడ్రైవర్లూ సంచిలో సర్దుకున్నాను.

"రైలు వేళయిందండి. నేను వెళ్లొస్తాను" అన్నాను.

మా వైపు ఎంత పనిలో ఉన్నా, ఇంట్లో ఎంత కష్టంలో ఉన్నా, గుమ్మం దాటే మనిషితో మంచిదండి వెళ్లిరండి అనకుండా ఉండరు. ఆవిడ అనలేదు. పెదవి ఖాళీగా లేదు. చెయ్యి మాత్రం ఒకటి పైకెత్తి, వెళ్లు వెళ్లు అన్నట్టు ఊపారు.